రాగిబిందె నీళ్ళు, పది చేపలు

పది చేపపిల్లలను మట్టికుండలో నాలుగు రోజులు ఒక్కటీ చావకుండా బతికించడం, ఆళ్ళగడ్డ హైస్కూలు సైన్సు గది అటెండరు యేసురత్నం సాధించిన మొదటి ఘనత. అది 1982వ సంవత్సరం. చదివింది ఎనిమిదో తరగతే అయినా, పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో రెండు బీకర్లకు మించి పగలనివ్వనివాడు, ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారుల చేత మూడుసార్లు భేష్ అనిపించుకున్నవాడు. ఆ చేపల కోసం పడినంత యాతన మాత్రం ఎన్నడూ పడలేదు.

ఊరవతల రంగుల ఫ్యాక్టరీ మురుగు వాగులో కలిసినప్పటి నుంచి చేపలు తెల్లగా తేలుతున్నాయి. అక్కడ వల వేసుకొని బతికే బావమరిది మత్తయి ఖాళీ బుట్టతో ఇంటికి వస్తున్నాడు. ఎండకు చచ్చాయంటారు ఫ్యాక్టరీవాళ్ళు. యేసురత్నం ఫిర్యాదు చేస్తే రుజువు తెమ్మన్నాడు నంద్యాల కాలుష్య నియంత్రణ ఆఫీసరు. ఎట్లా తేవాలో సైన్సు మాస్టరు చెప్పాడు. ఒక కుండలో మంచినీళ్ళు, మూడు కుండల్లో మురుగు తగ్గించుకుంటూ కలిపిన నీళ్ళు, కుండకు పది పిల్లలు, నాలుగు రోజుల కాపలా.

అన్నీ చచ్చాయి, మంచినీళ్ళవి కూడా. యేసురత్నం దాచకుండా పోయి చెప్పాడు.

“నీ మంచినీళ్ళల్లో గూడ సచ్చినాయి గదప్పా. ఇంగ వాళ్ళనేమని అడగల్ల?” అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

ఆ వారం యేసురత్నం కూర్చున్నచోట కూర్చోలేదు. కుండలు మార్చాడు, చేపలను మార్చాడు, గుడ్డ కప్పాడు, తీశాడు. మళ్ళీ చచ్చాయి. గుడిలో మోకరించినా కళ్ళముందు కుండలే. ఒక పొద్దున ఆయన నీళ్ళు పోస్తుంటే భార్య లూదియా చూసింది. పరీక్ష నీళ్ళు శుద్ధంగా ఉండాలని, చింతపండుతో తోమిన రాగిబిందెలో ముందురోజే నిలవబెడుతున్నాడు.

“ఆ బిందె నీళ్ళు మనుషులకు మంచివని మా నాయన చెప్పినాడు. చేపలకు మంచివని ఎవరు చెప్పినారు?”

మాస్టరు విని తల పట్టుకున్నాడు. రాగి చేపలకు విషమే.

మూడోసారి నీళ్ళు నిలవబెట్టింది కూడా మట్టికుండల్లోనే. మంచినీళ్ళలో పదికి పదీ బతికాయి. పది పాళ్ళలో ఒక పాలు మురుగున్న కుండలో సాయంత్రానికే ఒక్కటీ లేదు. ఇరవైలో ఒక పాలున్న దాంట్లో రెండోనాటికి అంతే. యాభైలో ఒక పాలున్న దాంట్లో సగం పోయాయి. ఆఫీసరు ఈసారి నవ్వలేదు. హైదరాబాదు ల్యాబులో అక్కడివాళ్ళ కళ్ళముందర చేసి చూపితే మురుగు ఆపిస్తానన్నాడు.

మార్చి పదమూడున ఒళ్ళో చేపల కుండ, కాళ్ళ దగ్గర మురుగు డబ్బా పెట్టుకొని యేసురత్నం బస్సెక్కాడు. మత్తయి వల తీసి చిరుగులు కుట్టుకుంటున్నాడు.

“ఆడ ఎవురన్నా రాగిబిందె ఇస్తే వొద్దను. జప్పున రా,” అంది లూదియా బస్సు కిటికీ దగ్గర నిలబడి.

సోమవారం మొదలుపెడితే శుక్రవారానికి లెక్క తేలుతుంది. తిరిగి వచ్చేది మార్చి 20, శనివారం.