మాలలో ఉన్న మామకు పెట్టిన కేకు

ఏళ్లుగా నా గుండెల మీద కూర్చున్నది ఒక కేకు ముక్క. నవ్వొస్తోందా? నవ్వండి. నాకూ ఒక్కోసారి నవ్వే వచ్చేది.

నేను రాయికల్ పిల్లను. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటికి కోడలిగా వచ్చాను. పప్పు చేసినా వంకే, పులుసు చేసినా వంకే. నాకు వంట రాదన్న సంగతి వాడంతా తెలుసు. అలాంటిదాన్ని, నా బిడ్డ మొదటి పుట్టినరోజుకు జగిత్యాల నుంచి చాక్లెట్ కేకు పొడి డబ్బా తెచ్చి, ఇంట్లోనే చేస్తానని ఎందుకు పంతం పట్టానో!

అప్పుడు మామ హనుమాన్ మాలలో ఉన్నాడు. దీక్ష ముగిసేదాకా ఇంట్లోకి గుడ్డు రాకూడదు. డబ్బా మీదేమో గుడ్లు వేయమని ఉంది. ఆయన గుడిలోనే తిని అక్కడే పడుకుంటున్నాడు, ఇంటికి రాడులే అనుకున్నాను. గుడ్లు కొంగులో దాచి తెచ్చి, తలుపేసుకుని కలిపాను. కుక్కర్‌లో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె దించి, విజిల్ తీసేసి, సన్నమంట మీద పెట్టాను. మూత తీస్తే ఏం పొంగిందండీ! వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకి లేచింది. నోట్లో పెట్టుకుంటే కరిగిపోయింది. ఆ ఇంట్లో నా చేతి వంటను మా అత్త మెచ్చుకోవడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే మామ కాషాయం బట్టల్లో మనవరాలిని దీవించడానికి వచ్చాడు. మాల వేసుకుంటే వరసలుండవు. ఆయన్ని మేం స్వామీ అనాలి, ఆయన నన్ను మాతా అంటాడు. ముక్క చేతిలోకి తీసుకుని అడిగాడు.

"దీంట్ల గుడ్డు లేదు గదా, మాతా?"

"లేదు, స్వామీ."

ఎందుకన్నాను? భయంతోనా? కాదు. నిజం చెబితే ఆ కేకు మోరీ కాలువలో పడుతుందని, అప్పుడే దక్కిన మెప్పు కూడా దానితోనే పోతుందని తెలుసు. ఆయన దీక్ష కంటే నాకు నా కేకే ఎక్కువైంది. ఆయన తిన్నాడు. ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాడు. వెళ్తూ వెళ్తూ వాడలో అందరికీ నా గురించి చెప్పాడు. ఆ మాటతోనే ఆర్డర్లు మొదలై, ఇవాళ మేం కాపురం మారిన కోరుట్లలో నా సొంత కేకుల కొట్టు దాకా వచ్చింది. కానీ ఆ రోజు తర్వాత నేను గుడ్డు ముట్టలేదు, అన్నీ పెరుగుతోనే చేశాను. నాకెంత భక్తి అని జనం మురిసిపోయారు. మామ మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే మాట, ఆ మొదటి కేకు రుచి మళ్లీ రాలేదని.

మొన్నామధ్య కొట్టులో కూర్చుని మళ్లీ అదే అన్నాడు. ఇక నా నోరు ఆగలేదు.

"గా కేకుల గుడ్లేసిన, మామా. నువ్వడిగితె లేవని అబద్ధం చెప్పిన."

ఆయన చేతిలోని పళ్లెం కింద పెట్టాడు. చెప్పులేసుకుని బస్టాండు వైపు నడిచాడు. కొండగట్టు హనుమాన్ గుడికి పోయి, దీక్ష చెడినందుకు గుండు చేయించుకుని వచ్చాడని తర్వాత మా అత్త ఫోన్లో చెప్పింది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే మొహం నాకూ లేదు.

అయినా ఎంత తేలికగా ఉందో! నిన్న అలాంటి డబ్బానే తెప్పించాను. వంటగది తలుపు బార్లా తీసి, కొట్టుకొచ్చినవాళ్లంతా చూస్తుండగానే గుడ్లు కొట్టి కలిపాను. కేకు అంచుల దాకా పొంగింది. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ ఇందులో గుడ్డుందని ముందే చెప్పి, ఆ తర్వాతే ముక్క చేతిలో పెట్టాను.