క్యారెట్ల తల్లి

పొద్దున్నే ఎదురింటావిడ గేటు తీసుకుని వచ్చి నా చేతిలో ఒక కుంకుమ పొట్లం, సగం క్యారెట్టు పెట్టింది. నిన్ననే ఊటీ నుంచి దిగారు. కుంకుమ సరే, కళ్లకద్దుకున్నాను. క్యారెట్టు ఎందుకో అర్థం కాలేదు. "ప్రసాదమండీ. అక్కడ అమ్మవారికి క్యారెట్లే పెట్టాలట. మోకాళ్ల నొప్పులు చేత్తో తీసేసినట్టు పోతాయట. ఆ చోటు ఎవరికీ అంతగా తెలియదు, మా డ్రైవరు పుణ్యమా అని చూశాం," అంటూ ఫోను తీసి ఫోటో చూపించింది. రేకుల పందిరి కింద మోకాలెత్తు రాయి, దానికి ఆకుపచ్చ చీర, మెడలో క్యారెట్ల దండ, ఎదురుగా కనీసం ముప్ఫై మంది వరుస. ఎవరికీ తెలియని చోటికి అంత మంది ఎలా వచ్చారో ఆవిడ చెప్పలేదు. చీర పక్కకు తొలగిన చోట పసుపు రంగు, దాని మీద ఎర్రటి అంకె సగం కనబడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాయి నాకు తెలుసు. అది అమ్మవారు కాకముందు నుంచీ తెలుసు. దాన్ని అమ్మవారిని చేసింది మా అత్తగారు, ఆమెను అక్కడిదాకా నడిపించింది మా ఆడపడుచు భర్త.

నేను తెనాలి దగ్గరి పిల్లను. నాచారం కోడలినై ఇరవై రెండేళ్లయింది. వచ్చిన కొత్తలో "అత్తయ్యా" అని పిలిస్తే ఆమె ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని వెనక్కి తిరిగి చూసేది. నెల తిరిగేసరికి నేనే "అత్తమ్మా"కి దిగొచ్చాను. వాళ్లది పాత నాచారం. ఇప్పుడు ఫ్యాక్టరీల ప్రహరీ గోడలు, లారీలు, టీ కొట్లు ఉన్న చోట ఆమె వరి నాటింది, కలుపు తీసింది, వాన కోసం ఎదురుచూసింది. పొలం పోయి ఎన్నో ఏళ్లయినా ఇప్పటికీ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆకాశం వైపు చూసి, ఇయ్యాల పడతదనో పడదనో చెబుతుంది. పది సార్లకు ఎనిమిది సార్లు ఆమె మాటే నిజమవుతుంది. ఫోనులో వాతావరణం చూసుకునే మా ఆయన మిగతా రెండు సార్లనూ గుర్తుపెట్టుకుంటాడు.

ఇక ఆడపడుచు భర్త. ఇంటిల్లిపాదీ ఆయనను బావ అంటారు కనుక నేనూ బావ అనే రాస్తాను. మేడిపల్లిలో ఉంటారు. మంచి మనిషి, చేతికి ఎముక లేదు, పిల్లలంటే ప్రాణం. ఉన్నదొకటే జబ్బు. నలుగురూ చూసేది ఆయన చూడరు. "అందరు సూసేది మనం సూసుడెందుకు?" అనేది ఆయన మాట. మౌలాలి గుట్టకు తీసుకెళ్లమంటే మెట్ల వైపు కాకుండా గుట్ట వెనక్కి తిప్పి, ఎండలో ముళ్ల కంపల మధ్య ఒక బండను చూపించారు. ఆ బండను ఎందుకు చూడాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే ఆయన అల్లుడు. ఆ ఇంట్లో అల్లుడి మాటకు ఎదురు చెప్పడమనేది లేదు. అత్తమ్మ అయితే అల్లుడు ముందు కూర్చుంటే కుర్చీలో వెనక్కి కూడా ఆనుకోదు.

ఆరేళ్ల కిందట ఉప్పల్‌లో దవాఖానాలో డాక్టరు అత్తమ్మ మోకాళ్లు రెండూ అరిగిపోయాయని, ఆపరేషన్ తప్పదని, తర్వాత గుట్టలూ మెట్లూ మరిచిపోవాలని చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె ఎదురింటికి వెళ్లి వచ్చింది. వాళ్ల ముందుగదిలో గోడకు ఎదురింటావిడ ఫోటో ఉండేది. అంతకుముందెప్పుడో ఊటీ వెళ్లినప్పుడు దొడ్డబెట్ట శిఖరం మీద తీయించుకున్నది. నడుము దాకా తెల్లటి మబ్బు, పైన ఆవిడ నవ్వు. అత్తమ్మ వచ్చి మా ఆయన పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి ఒక కోరిక కోరింది.

"నలభై ఏండ్లు మబ్బు దిక్కు సూసి సూసి మెడ గుంజింది బిడ్డా. ఎన్నడు అది మీదికెళ్లే పోయింది. కాళ్లు కోయకముందు ఒక్కసారి నా కాళ్ల మీద నిలబడి దాన్ల నిలబడాలె."

అంతే. బంగారం అడగలేదు, కాశీ అడగలేదు. ఊటీకి వెళ్లడం, శిఖరం మీదికి కారులో వెళ్లడం, మబ్బులో నిలబడటం. ఒక్క పూట పని. కానీ మా ఆయన పొరపాటున ఆ సంగతి బావకు చెప్పాడు.

అత్తమ్మ, మా ఆయన, నేను, బావ, నలుగురం సికింద్రాబాద్‌లో రైలెక్కేసరికే బావ ఫోనులో ఇరవై చోట్ల జాబితా ఉంది. అందులో ఊటీ అనే ఊరు తప్ప ఊటీ చుట్టూ ఉన్నవన్నీ ఉన్నాయి. కోయంబత్తూరులో దిగి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు నడివయసు తమిళాయన, రోజూ అవే నాలుగు చోట్లు చూపించి విసిగిపోయిన మనిషి. బావ జాబితా చూడగానే ఆయన కళ్లు వెలిగాయి. మా ఖర్మ అక్కడే కాలింది.

మొదటి రోజు ఎవరికీ తెలియని జలపాతం. గంటన్నర మెలికల రోడ్డు, ఆపైన అర కిలోమీటరు నడక. చివరికి తడిసిన నల్లటి బండ ఒకటి కనబడింది. నీళ్లు లేవు. "వానకాలంల రావాలె" అన్నారు బావ, తప్పు జలపాతానిదే అన్నట్టు. శిఖరం సంగతి ఎత్తితే రేపు అన్నారు. రెండో రోజు పాత తెల్లదొర బంగళా. దాని గేటుకు తాళం, లోపల ఒక కుక్క. ఆ కుక్క మమ్మల్ని చూసినంత సేపు మేము ఆ బంగళాను చూడలేకపోయాం. తిరుగుదారిలో మాత్రం ఒక పల్లె పక్కన క్యారెట్లు కడుగుతున్నారు. మట్టి పోయి నారింజ రంగులో కుప్పలు కుప్పలుగా బయటపడుతుంటే అత్తమ్మ కారు ఆపించింది. ఆమె తెలుగు, వాళ్లు తమిళం, అయినా పావుగంట సేపు ఎరువు గురించీ పురుగు గురించీ మాట్లాడుకున్నారు. రెండు కిలోలు కొంగులో కట్టుకుని వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అక్కడే. శిఖరం మళ్లీ రేపటికి పోయింది.

ఆ రాత్రి మా ఆయనతో గట్టిగానే అన్నాను. "రేపు సాయంత్రం తిరుగు ప్రయాణం. ఆమె అడిగింది ఒక్కటే. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" ఆయన దుప్పటి సర్దుకుని, "బావ నొచ్చుకుంటడు. పొద్దుగాల ఆ చెరువొకటి సూసి, సీదా శిఖరానికే పోదం," అన్నాడు. ఇంకో గోడకు చెప్పుకున్నా అదే ఫలితం.

ఆ చెరువుకు పేరు లేదు. పేరు లేదన్నదే బావకు దాని గొప్పతనం. రెండు కిలోమీటర్లు కాలిబాట. అత్తమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని నడిచింది. మధ్యలో మూడుసార్లు ఆగి, బొడ్లో దోపుకున్న సంచిలోంచి నొప్పుల నూనె తీసి రాసుకుంది. నేను తిరిగిపోదామంటే, "అల్లుడు ముచ్చటపడ్డడు, పోనీ," అంది. చెరువంటే చిన్న కుంట, ఒక పక్క మట్టి కట్ట. ఆ కట్ట చివర, గడ్డిలో, మోకాలెత్తు రాయి. పైభాగం గుండ్రంగా ఉంది, ఒళ్లంతా పసుపు రంగు, మధ్యలో ఎర్రగా ఏదో.

మా వైపు మనిషైతే పట్టించుకునేది కాదు. కానీ తెలంగాణలో చెరువుంటే కట్ట ఉంటుంది, కట్ట ఉంటే దాని మీద తెగకుండా కాపాడే మైసమ్మ ఉంటుంది. కాప్రా అయినా నాచారం అయినా అంతే. కట్ట, నీళ్లు, పసుపు పూసిన రాయి, ఎర్ర బొట్టు. అత్తమ్మకు ఇంక సందేహమేముంది? "ఈడ గూడ ఉన్నవా తల్లీ!" అని గబగబా చెప్పులు విప్పేసింది. ఆమెను చూసి బావ, బావను చూసి మా ఆయన, వాళ్లను చూసి డ్రైవరు, చివరికి నేను కూడా విప్పేశాం. సంచిలో కుంకుమ ఉంది గానీ కలపడానికి నీళ్లు తేవాలంటే కుంటలోకి దిగాలి. అందుకని ఆమె నొప్పుల నూనెలోనే కుంకుమ కలిపి రాయికి నిండుగా పూసింది. కొబ్బరికాయ లేదు కనుక కొంగులో మిగిలిన నిన్నటి క్యారెట్లు పెట్టింది. మోకాళ్లు పట్టుకుని చూపిస్తూ, "ఇవ్విటిని జర సూడు తల్లీ," అని మొక్కింది. డ్రైవరుకు భాష రాకపోయినా ఆ మొక్కు బాగా అర్థమైంది. తనూ మోకాళ్లు తాకి మూడు ప్రదక్షిణలు చేశాడు.

అప్పుడు వచ్చాడు అటవీ కాపలాదారు, చేతిలో కర్రతో, అరుస్తూ. అది సరిహద్దు రాయి. పసుపు రంగు వాళ్లు వేసిందే, ఎరుపు వాళ్లు రాసిన అంకె. ఈ సంగతి డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో మాకు చెప్పీ చెప్పగానే బావ రంగంలోకి దిగారు. ఆయన ఉప్పల్ హిందీ, కాపలాదారు తమిళం, మధ్యలో మా ఆయన ఇంగ్లీషు. "దేవుని మీద నంబర్ రాస్తరా మీరు?" అని బావ. కుంకుమ తుడిచి అంకె చూపించమని కాపలాదారు. తుడిస్తే పోతేగా, నూనెలో కలిపిన కుంకుమ! పైగా అంతలో ఎక్కడి నుంచో పొగమంచు కమ్ముకుంది. ఎదుటి మనిషి మొహం కనబడటం లేదు, అయినా కొట్లాట ఆగలేదు. ఎవరు ఎవరిని తిడుతున్నారో తెలియని స్థితిలో నేను గడ్డిలో అందరి చెప్పుల కోసం తడుముకుంటున్నాను. నా ఎడమ కాలి చెప్పు మాత్రం దొరకలేదు. మంచు విడేసరికి గంట దాటింది. కాపలాదారు అలిసిపోయి ఒక క్యారెట్టు తీసుకుని కొరుకుతూ వెళ్లిపోయాడు.

పరుగున శిఖరానికి వెళితే, మంచు ఎక్కువైందని ఆ రోజుకు దారి మూసేశారట. కారు వెనక్కి తిప్పాం. అత్తమ్మ కిటికీలోంచి చూస్తూ, "పోనియ్యుండ్రి," అంది. ఆ ఒక్క మాట నా గుండెలో ముల్లులా దిగింది. తర్వాతి నెలలో ఆపరేషన్ అయింది. నడుస్తుంది గానీ గుట్టలు లేవు. అప్పటి నుంచి బావ వస్తే నేను ఆయనకు ఇష్టమైన అల్లం వేయకుండా టీ ఇస్తున్నాను. ఆరేళ్లు. ఆయన ఒక్కసారైనా గమనించలేదు, అది ఇంకో మంట.

ఎదురింటావిడ నాకు ఫోటో చూపించడం పూర్తయ్యాక, వరండాలో కుర్చీలో ఉన్న అత్తమ్మ దగ్గరికి వెళ్లి ఆమెకూ ప్రసాదం ఇచ్చి ఫోను అందించింది. అత్తమ్మ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, రాయిని గుర్తుపట్టి, ఏమీ ఎరగనట్టు కుంకుమ పెట్టుకుని క్యారెట్టు తినేసింది. "దొడ్డబెట్ట పోయిన్రా ఈసారి?" అని మాత్రం అడిగింది. "ఎక్కడండీ, అమ్మవారి వరుసలోనే సరిపోయింది," అని ఆవిడ వెళ్లిపోయింది.

నేను ఇంక ఆగలేకపోయాను. "ఇప్పుడే బావగారికి ఫోన్ చేస్తాను అత్తమ్మా. ఆయన చేసిన నిర్వాకం ఇది. మిమ్మల్ని మబ్బు చూడనివ్వలేదు గానీ ఊటీకి కొత్త దేవతనిచ్చారు," అన్నాను.

"సూడకపోవుడేంది?" అంది అత్తమ్మ. "గా రోజు ఆడ్నే వచ్చె గద మబ్బు."

"అది పొగమంచు అత్తమ్మా."

"ఏదైతేంది? మీరందరు కొట్లాడుతున్రు. నేను తల్లి పక్కకు నిలబడ్డ. ముందుగాల మోకాళ్ల దాంక వచ్చింది, ఎనుక మెడ దాంక వచ్చింది. సల్లగ. నా చెయ్యి నాకే కనవడలే. మస్తు సేపు నిలబడ్డ."

"మరి అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే అల్లుడు రేపు గిట్లాంటిది ఇంకోటి సూపిస్తనంటడని." పంటి మధ్య ఇరుక్కున్న క్యారెట్టు ముక్కను నాలుకతో తీసుకుంటూ నవ్వింది. "ఆయనకు అల్లం ఏసి టీ పెట్టు ఇగనన్న. పాపం, అడగలేక తాగుతున్నడు."

ఫోను బల్ల మీద పెట్టేశాను. ఆ కట్ట మీద మా అందరికీ దొరికింది ఒకే గంట. ఆమె ఆ గంట పొడుగునా మబ్బులో నిలబడింది. నేను అదే మబ్బులో వంగి ఎడమ కాలి చెప్పు వెతుక్కున్నాను, ఆ తర్వాత ఆరేళ్లు దాన్నే వెతుకుతూ ఉన్నాను.