గుర్రం సినిమాలో ఎనిమిది రీళ్లు

ములకలపల్లిలో ఒకప్పుడు ఒక సినిమా హాలు ఉండేది. ఇప్పుడందులో పత్తి బస్తాలు నిలవ చేస్తున్నారు. ఆ హాల్లో ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా పనిచేసిన జానీ మియాకు కథానిర్మాణం గురించి ఒక సిద్ధాంతం ఉంది. కథకు ఆది, మధ్యం, అంతం అనేవి బస్సు టైమును బట్టి ఏర్పడతాయన్నది ఆ సిద్ధాంతం. పెద్ద పెద్ద గ్రంథాల్లో ఈ మాట కనిపించదు. ఆ గ్రంథకర్తలెవరూ సోమవారం సంతకు వచ్చి నాలుగున్నర బస్సు అందుకోవలసినవాళ్లు కారు మరి.

సంత రోజు మ్యాట్నీకి హాలు నిండేది. నింపేది అడవి ఊళ్లవాళ్లే. ఇప్పపువ్వో చింతపండో అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని, మిగిలిన పొద్దును సినిమాకు ఇచ్చేవారు. ఆట రెండున్నరకు మొదలవ్వాలి. కానీ హాలు యజమాని భోంచేసి, కునుకు తీసి, తాళంచెవి పంపేసరికి మూడయ్యేది. సినిమా పదహారు రీళ్లు. రీలు పది నిమిషాలు. ఎనిమిదో రీలుకు ఇంటర్వెల్, ఇంటర్వెల్‌తోపాటే బయట బస్సు హారను. అడవి ఊళ్లవాళ్లు మూటలు సర్దుకుని లేచేవారు. విలన్ మాత్రం తెర మీద నిక్షేపంగా బతికే ఉండేవాడు.

విలన్లు ఇలా మూడేళ్లపాటు బతికి బట్టకట్టాక, ఒక సోమవారం బొజ్జయ్య ఇనప మెట్లెక్కి ప్రొజెక్టర్ గదికే వచ్చాడు. అతనిది ఊటగుంపు. బస్సుకు అదే ఆఖరి స్టాపు.

“జానీ భాయ్, మీ సినిమాల్ల చెడ్డోనికి ఏం గాదా?”

“ఎందుకు గాదన్నా. ఆఖర్ల సస్తడు.”

“మేం సూడలే.”

“బస్సు పోతదని మీరే లేస్తిరి గద.”

“లెవ్వకుంటె ఇరవై ఆరు కిలోమీటర్లు నడవాలె. ఆడు సచ్చెదాంక కూసుంటె మేం సస్తం.”

“మరి నన్నేం జెయ్యమంటవ్?”

“ఆపరేటర్‌వి నువ్వు. జల్దీ సంపు.”

జానీ మియా వారం రోజులు ఆలోచించాడు. తర్వాతి సోమవారం మొదటి నాలుగు రీళ్లు వేశాడు, ఎవరు ఎవరో తెలియాలి కాబట్టి. వాటి వెంటనే పదమూడు నుంచి పదహారు దాకా వేశాడు, చావవలసినవాళ్లు చావాలి కాబట్టి. అప్పుడు ఇంటర్వెల్. బస్సు. మిగిలిన ఎనిమిది రీళ్లు ఊళ్లోవాళ్లకు. “ఇదేంది మియా, సచ్చినోడు మల్ల సిగరెట్ తాగవట్టె” అని వాళ్లెవరైనా అడిగితే “ఫ్లాష్‌బ్యాక్” అనేవాడు గంభీరంగా. ఆ ఒక్క ముక్క మీద పంతొమ్మిదేళ్లు నడిచాయి.

బొజ్జయ్యకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. “మీ కోసం పొట్టి ప్రింటు తెప్పించిన” అన్నాడు. బొజ్జయ్య నమ్మాడు. ఆ ఏడాది నుంచి ఎండాకాలం రాగానే ఒక సీసా తేనె పంపడం మొదలుపెట్టాడు. హాలు మూతపడి పదిహేనేళ్లయినా ఆ సీసా మాత్రం ఆగలేదు. జానీ మియాను తినేస్తున్నది ఆ సీసాయే. ఒక శుక్రవారం మసీదులో ఇమాం తక్కువ తూచేవాళ్ల గతి గురించి చెబుతుంటే, వెనక వరసలో కూర్చున్న అరవై ఏడేళ్ల జానీ మియాకు చెమటలు పట్టాయి. అతను తూచినవి రీళ్లు. పదహారుకు ఎనిమిది.

ఇంట్లో బేగంతో చెప్పుకుంటే ఆమె ఉల్లిగడ్డలు కోస్తూనే వింది. పెళ్లయి నలభై ఏళ్లయినా ఆమె భర్తను పేరు పెట్టి పిలవలేదు, కొడుకు పేరుతోనే పిలుస్తుంది.

“అజారుద్దీన్ అబ్బా, రేపు అల్లా నిన్ను నమాజుల గురించి అడుగుతడు. సినిమాల గురించి గాదు. ముందు దానికి జవాబు సోంచాయించుకో.”

ఈ సంకటంలో ఉండగానే ప్రసూన వచ్చింది. హైదరాబాదులో సినిమా మీద పరిశోధన చేస్తున్న పిల్ల. రెండేళ్లుగా ఈ బస్సు దారిలోని ఊళ్లన్నీ తిరిగి, అందరిచేతా ఒకే సినిమా కథ చెప్పించుకుని రికార్డు చేసింది. ఆ సినిమా పేరు ఎవరికీ గుర్తులేదు. హీరో తెల్లగుర్రం మీద వస్తాడు గనక అందరికీ అది గుర్రం సినిమా. కిరాయి తక్కువని హాలు యజమాని ఏడాదికి రెండుసార్లయినా తెప్పించేవాడు.

ప్రసూన ల్యాప్‌టాప్ తెరిచి ఒక చార్టు చూపించింది.

“చూడండి అంకుల్. ఆరంభం అందరూ ఒకేలా చెప్పారు. ముగింపూ అంతే. మధ్యభాగం మాత్రం ఊరూరికీ వేరు. పైగా అడవి లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతోంది. మొదటి ఊళ్లో ఏడు నిమిషాలు, ఊటగుంపులో యాభై. అడవి సాంద్రతకూ కథా సాంద్రతకూ సంబంధం ఉందని మా గైడ్ గారి అభిప్రాయం.”

జానీ మియా కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. చార్టు కింద ఊళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఆ వరస అతనికి కంఠతా వచ్చు. బస్సులో కండక్టరు టికెట్లు కొట్టే వరస అది.

అప్పుడతనికి తెలిసింది. నాలుగో రీలులో గుర్రం మీద నవ్వుతూ వెళ్లిన హీరో, మరుక్షణం కుంటుకుంటూ, చంకలో పసిబిడ్డతో, గుర్రం లేకుండా ఎలా వచ్చాడన్నది బస్సెక్కిన జనం దారి పొడవునా తేల్చుకుంటూ పోయారు. ఎవరి ఊరు వచ్చేదాకా వాళ్లు తేల్చుకున్నారు. ఆఖరి స్టాపువాళ్లు పూర్తిగా తేల్చుకున్నారు.

అతను రీళ్ల సంగతి చెప్పేశాడు. రెండేళ్ల పరిశోధన నాలుగున్నర బస్సెక్కి వెళ్లిపోతుంటే చూస్తున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ప్రసూన మొహం అలా ఉంది.

“నీ దగ్గర ఆ సినిమా మొత్తం ఉన్నదా బేటీ?”

“ఉంది. ఎవరో నెట్‌లో పెట్టారు.”

“ఊటగుంపుల వేద్దాం. ఆ ఎనిమిది రీళ్లు ఆళ్లకు అప్పజెప్పి పోవాలె నేను. బొజ్జన్న తిడితె తిట్టనీ.”

ఆదివారం మధ్యాహ్నం ఊటగుంపు బడిలో కిటికీలకు బరకాలు కట్టారు. గోడ మీదకు ప్రొజెక్టర్ పెట్టారు. యాభై మంది దాకా వచ్చారు. బొజ్జయ్య ముందు వరసలో కూర్చున్నాడు. జానీ మియా లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లు జనం వెనక, గోడకున్న కంత చాటున పనిచేసిన మనిషి. ఎదురుగా ఇన్ని మొహాలుండటం అతనికి కొత్త.

“పొట్టి ప్రింటు అని చెప్పిన గద, అది అబద్ధం. నడుమ ఎనిమిది రీళ్లు మీకు ఎగ్గొట్టిన. ఇయ్యాల మొత్తం ఏస్త. సూసినంక ఏమంటరో అనుర్రి.”

బొజ్జయ్య తల పంకించి గోడవైపు తిరిగాడు.

మొదటి నలభై నిమిషాలు జనం సినిమాతోపాటు డైలాగులు చెప్పారు. హీరో గుర్రమెక్కి వెళ్లాడు. ఐదో రీలు వచ్చింది. గది చల్లబడిపోయింది. హీరో, హీరోయిను మంచుకొండల్లో పాట పాడారు. ఒక వంటవాడూ ఒక హవల్దారూ పావుగంట తన్నుకున్నారు.

“గుర్రమేది?” అంది కన్నమ్మ. ఊళ్లో అందరికంటే పెద్దావిడ.

“వస్తది అక్కా,” అన్నాడు జానీ మియా.

మరో పాట వచ్చింది. అపార్థం వచ్చింది. పదో రీలులో విలన్ హీరోను కాలి మీద కాల్చాడు. పదకొండులో చచ్చిపోతున్న స్నేహితుడు పసిబిడ్డను హీరో చేతిలో పెట్టాడు. గుర్రం రాలేదు. జానీ మియా ఆ రీళ్లను నలభైసార్లు వేసి ఉంటాడు. గుర్రం లేదన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

బొజ్జయ్య లేచాడు. “ఆపు భాయ్.”

ప్రసూన ఆపింది.

“ఎనిమిది రీళ్లల్ల గుర్రం ముచ్చట లేదు.”

“లేదన్నా.”

“అది బతికిందో సచ్చిందో లేదు. సస్తె ఎవలు బొందపెట్టిన్రో లేదు.”

“లేదు.”

“గందుకేనా మాకు సూపియ్యలే? మేం బాధపడ్తమని?”

జానీ మియా ఎదుట తలుపు తెరిచే ఉంది. ఒక్క ‘అవ్’ అంటే చాలు, తేనె సీసా హలాల్ అయిపోతుంది. అతను గొంతు సవరించుకున్నాడు.

“కాదన్నా. బస్సు టైముకు.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. బొజ్జయ్య గడ్డం గోక్కున్నాడు.

“నిజం చెప్పినవ్. ఇగ మేం జెప్తం, నువ్ కూసో. బిడ్డా, బొమ్మ ఉండనీ. సప్పుడు తీసెయ్. ఐదో రీలు కాడికి పో.”

ప్రసూన వెనక్కి జరిపి సౌండు తీసేసింది. మంచుకొండలు మళ్లీ వచ్చాయి. హీరో నోరు తెరిచి మూసి తెరిచాడు.

“ఇగో, గుర్రానికి జ్వరమొచ్చింది,” అని మొదలుపెట్టాడు బొజ్జయ్య. “సలి జ్వరం. మంచు పడ్తాంది సూడుర్రి. ఆ పిల్ల ఊకె చేతులు తిప్పేది ఎందుకనుకున్నరు? పసరు నూరుతాంది.”

“నూరేది తర్వాత,” అంది కన్నమ్మ. “ముందు ఆకు కోసుకొస్తది. చెట్ల చుట్టూ తిరుగుతలేదా?”

నిజమే, తిరుగుతోంది. వంటవాడూ హవల్దారూ కొట్టుకుంటున్నది గుర్రాన్ని రాత్రికి ఎవరి కొట్టంలో కట్టాలన్న దాని మీద. అపార్థం కూడా దాని మీదే. పదో రీలులో వాగు పొంగింది. తెర మీద వాగు లేదు, తుపాకి ఉంది. అయినా బొజ్జయ్య చెయ్యి చాపిన వైపే అందరూ చూశారు. తెప్ప మీంచి జారిన పసిబిడ్డను గుర్రం నోట కరుచుకుని ఒడ్డున పడేసింది. దాని పగ్గం పట్టుకున్న హీరో బండరాళ్ల మీద పడ్డాడు. కాలు విరిగింది. పగ్గం తెగింది. గుర్రం పోయింది.

పదమూడో రీలులో హీరో కుంటుకుంటూ, చంకలో బిడ్డతో వచ్చాడు. జానీ మియా భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, దుమ్ము అన్నాడు. ప్రొజెక్టర్ వెలుగులో కొంత దుమ్ము ఉన్నమాట వాస్తవమే. ప్రసూన చార్టు సంగతి మరిచి, “పగ్గం ఎందుకు తెగింది?” అని అడిగింది. పాతదని ఐదో రీలులోనే చెప్పామన్నారు అందరూ.

తర్వాత విలన్ చచ్చాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కన్నమ్మ అప్పటికే కోళ్లను గంప కింద కమ్మడానికి వెళ్లిపోయింది.

బయలుదేరేటప్పుడు బొజ్జయ్య తేనె సీసా తెచ్చి జానీ మియా సంచిలో తానే పెట్టాడు.

“మిగిలిన సినిమాలు గూడ పట్టుకరా భాయ్. మొదలు, ఆఖరు చాలు. నడుమ మా కాడున్నది.”