మత్తయి వేలి కొలత

మా తమ్ముడు మత్తయి అబద్ధాన్ని చిటికెన వేలి మీద కొలిచేవాడు. అబద్ధమాడి దొరికిపోతే ఎడమచేతి చిటికెన వేలు పైకెత్తి, కుడిచేతి బొటనవేలి గోరు ఒక చోట ఆనించి, "ఇంతేగా అక్కా. ఇంత చిన్నవి దేవుడు చూస్తాడా" అనేవాడు. బట్టల కొట్లో జాకెట్టు గుడ్డ చింపేవాళ్లు కూడా అంత శ్రద్ధగా కొలవరు.

మా ఊరు తెనాలి నుంచి వేమూరు పోయే దారిలో ఉంది. అక్కడి లూథరన్ గుడికి వాడు సంఘపెద్ద. పాస్టరు అయ్యగారికి నాలుగు ఊళ్ల గుళ్లు. ఆయన రాని ఆదివారం ఆరాధన నడిపేది వీడే. నేను చదివింది మూడో తరగతి. అయినా అబద్ధం వాసన నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది.

మా గుడికి ఆదివారం మూడు గంటలు. ఆరింటికి లేవమని, ఎనిమిదింటికి బయలుదేరమని, తొమ్మిదింటికి లోపలికి రమ్మని. ఒక ఆదివారం ఎనిమిదైనా చప్పుడు లేదు. అప్పుడు మత్తయి తాడు పట్టుకుని మొదటి గంట, రెండో గంట కలిపి వాయించేశాడు. ఎవరో పోయారనుకుని సగం ఊరు గుడికి పరుగెత్తింది. అయ్యగారు అడిగితే, మొదటిది ఆరింటికే కొట్టామని, గాలి రేపల్లె వైపు తిరగడం వల్ల ఎవరికీ వినపడలేదని చెప్పాడు. ఆకు కదలని ఎండాకాలం. ఇంటికొచ్చాక నిలదీస్తే వేలెత్తి గోరు చివర చూపించాడు.

తర్వాత పెళ్లి ప్రకటనల సంగతి. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు గుడిలో చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడగాలి. మా వీధి కుమారికి బాపట్ల అజయ్ బాబుతో సంబంధం కుదిరింది. మత్తయి మూడు ప్రకటనలూ ఒకే ఆదివారం కానిచ్చేశాడు. మొదటి పాటయ్యాక ఒకటి, కానుకల ముందు ఒకటి, దీవెనయ్యాక చెప్పులు వెతుక్కునే వాళ్ల వీపుల కేసి ఒకటి. పుస్తకంలో మాత్రం మూడు ఆదివారాల తేదీలు రాశాడు. అందులో ఒక ఆదివారం తుఫానుకి గుడి తలుపే తీయలేదు.

"ఇదెంతరా?" అన్నాను.

"వేలి మొదటి గీత దాకా అక్కా. మూడుసార్లు చదవమన్నారు, చదివానుగా."

ఆ పైన ఈస్టరు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. నలభై రోజులు మాంసం ముట్టనని అందరి ముందూ లేచి చెప్పాడు. మొదటి వారం చేప మాంసం కాదన్నాడు. రెండో వారం గుడ్డుకి ఇంకా ప్రాణం రాలేదన్నాడు. మూడో వారం పక్కింటి సుబ్బులమ్మ బిర్యానీ పంపిస్తే ముక్కలు పక్కన పెట్టి అన్నం తిన్నాడు. నాలుగో వారం, పారేస్తే పాపమని ముక్కలూ తిన్నాడు. అది రెండో గీత.

"వచ్చే ఏటికి చెయ్యి చాలదురా, కాలు చాపుకో" అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాల్సింది కాదు.

ఎందుకంటే వాడి లోపల అప్పటికే ఏదో అరిగిపోతోంది. తెల్లవారుజామున మోకాళ్ల మీద గంటసేపు ప్రార్థన చేసే మనిషి. అది అరగంటకి దిగింది. మోకాళ్ల మీంచి మంచం మీదికెక్కింది. ఆఖరికి పళ్లు తోముకుంటూ చేసేదయింది. అన్నం ముందు ప్రార్థన "స్తోత్రం" అనే ఒక్క మాటయింది, ఆ మాట తల ఊపయింది, తల ఊపు రెప్ప వాల్చడమయింది. ఒకరోజు రెప్ప కూడా వాలలేదు.

"ఏంరా, కళ్లకి కూడా సెలవిచ్చావా?" అన్నాను.

వాడు వేలెత్తలేదు. సగం అన్నంలో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అప్పుడు నాకు భయం వేసింది.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే ముందురోజు నా దగ్గరికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద మా గుడిలో ఏడుగురు మాట్లాడతారు. దేవుడు తనని ఎందుకు వదిలేశాడని ప్రభువు అడిగే నాలుగో మాట ఏటా మత్తయిదే. వాడు చెబుతుంటే ముక్కు చీదని వాళ్లుండరు.

"ఈసారి నా వల్ల కాదక్కా" అన్నాడు.

"గొంతు పట్టేసిందా?"

"గొంతు బాగానే ఉంది. మొదటి అబద్ధానికి రెండు రోజులు అన్నం సయించలేదు. రెండోదానికి ఒక పూట. ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. దేవుడున్నాడని కూడా ఆ నాలుకతోనే చెబుతున్నాను. నా చెవే నమ్మడం లేదు."

డెబ్బై నాలుగేళ్ల నడుం పట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను. "ఆ ముక్కే వెళ్లి అక్కడ చెప్పు" అన్నాను.

మర్నాడు అక్కడే చెప్పాడు. నాలుగో మాట ముట్టుకోకుండా తన అబద్ధాలన్నీ వరసగా చెప్పాడు. ఎవరి కోసమో మాత్రం చెప్పలేదు. గంట కొట్టే ఏసుపాదం తనే లేచి, ఆ ఆదివారం తన మోకాళ్లు పనిచేయలేదని, పనిలోంచి తీసేస్తారని భయపడితే మత్తయి కాపాడాడని అన్నాడు. కుమారి లేచింది. వాళ్లమ్మకి డాక్టర్లు పది రోజులే గడువు చెప్పారట, ఆమె కళ్ల ముందే పెళ్లి కావాలంటే మూడు వారాలు ఆగే వీల్లేకపోయిందట. ఆ సంగతి ఆ తల్లికి కూడా తెలియనివ్వకుండా మత్తయికొక్కడికే చెప్పిందట. బిర్యానీకి మాత్రం ఎవరూ లేవలేదు.

"ఇంకొకటుంది" అన్నాడు మత్తయి, నా వైపు చూడకుండా. "అన్నిటికంటే మొదటిది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిగా నువ్వే కావాలని అందరూ ఏకగ్రీవంగా అడిగారని పదకొండేళ్ల కిందట మా అక్కకి చెప్పాను. ఒక్కరూ అడగలేదు. బావ పోయాక అక్క గడప దాటడం మానేసింది. ఇల్లిల్లూ తిరిగి నేనే బతిమాలుకున్నాను."

శుక్రవారమని కూడా చూడకుండా గుడంతా నవ్వింది. పదకొండేళ్లు ప్రతి బుధవారం స్త్రీల కూటం నడిపి, గుడిలో ముందు బెంచీలో కూర్చున్నదాన్ని. వెనక బెంచీలు ఎంత దూరమో ఆరోజు తెలిసింది. వాడి లోపలి అరుగుదల నా దగ్గరే మొదలయిందనీ తెలిసింది.

అయ్యగారు కోప్పడలేదు. ఆరు నెలలు పెద్దరికం పక్కన పెట్టమన్నారు, అంతే. ఆరాధనయ్యాక బయట మజ్జిగ పోస్తున్నారు. మత్తయి పక్కన నిలబడి, ఇప్పుడైనా లోపల ఏమన్నా ఉందా అని అడిగాను.

"లేదక్కా. ఖాళీ. ఖాళీ అని పైకి చెప్పగలిగాను, అంతే."

అది మళ్లీ నిండుతుందో లేదో నాకు తెలియదు. నిండుతుందని చెబితే నేనూ అబద్ధమాడినట్టే.

ఇంతలో కుమారి నాకు మజ్జిగ తెచ్చింది. మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు. "నిజం చెప్పవే. నేనంటే మీకు కష్టమా?" అన్నాను.

"కష్టమేనండి పెద్దమ్మా" అంది, తడుముకోకుండా. "మొదట్లో మత్తయి బాబాయి మొహం చూసి ఓర్చుకున్నాం. తర్వాత అలవాటైపోయింది. మీరు రాని బుధవారం ఎవరిని తిట్టుకోవాలో తెలియక తొందరగా ఇళ్లకి పోతున్నామండి."

మత్తయి తల పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని చూస్తే నవ్వుతున్నాడు.

నేను ఒక గుక్క తాగి, మజ్జిగలో ఉప్పెక్కువైందని కుమారికి చెప్పాను. దాని మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి, "పెద్దమ్మ బుధవారం వస్తున్నారు" అని మిగతా ఆడవాళ్లకి కబురందించింది.