ఇనుము తగలని వేరు

మొన్న మా కోడలు తలకు పెట్టుకుందామని ఇనుప మూకుడులో ఉసిరిపొడి నానేసి మరిచిపోయింది. పొద్దున చాయ్ కోసం వంటింట్లోకి వెళ్లిన నేను, బొగ్గులా నల్లబడ్డ ఆ ముద్దను చూసి అక్కడున్న పీట మీద కూర్చుండిపోయాను.

"ఏమైంది మామా, బీపీ గిట్ల పెరిగిందా?" అని ఆమె ఒకటే పరేషాన్.

బీపీ కాదు. నలభై ఏళ్ల నాటి నల్లటి గాజుకుప్పె ఒకటి కళ్లముందు నిలబడింది.

మీలో కూడా నాలాగా ఆలస్యంగా పలక పట్టినవాళ్లు ఉండే ఉంటారు. తెలకపల్లి దగ్గర మేకలు కాసుకుంటూ తిరిగిన నేను బడికి పోయేసరికి పదమూడేళ్లు. పక్కన కూర్చున్న పిల్లలు నా నడుం దాకా వచ్చేవాళ్లు. ఆ తర్వాత ఎట్లాగో హైదరాబాద్‌లో రసాయనశాస్త్రం చదివి, ఒక పరిశోధనశాలలో చేరి, ఆకుల్లో వేళ్లలో ఉన్న మందును విడదీసే పనిలో బతుకంతా గడిపాను. చదువు ఆలస్యంగా దొరికినందుకో ఏమో, కాగితం మీద లేని మాట ఎవరు చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు. దాన్ని గొప్ప అనుకున్నాను, రోగమని తెలియలేదు.

నా చిన్నప్పుడు మా అమ్మ మడమ మీద ఎన్నాళ్లకూ మానని పుండును నల్లమలలోని ఒక చెంచు అవ్వ ఏదో వేరు నూరి కట్టి మాన్పింది. ఉద్యోగంలో చేరగానే నేను వెతుక్కుంటూ పోయింది ఆ వేరు కోసమే. అవ్వ చెట్టు చూపించి, మొన చెక్కిన కట్టెతోనే తవ్వాలనీ, రాతి మీదే నూరాలనీ, ఇనుము తగలనీయొద్దనీ మరీమరీ చెప్పింది. నేను బుద్ధిగా తలూపి, ఆమె అటు తిరగ్గానే గడ్డపార తీశాను. పరిశోధనశాలలో ఇనుప రోట్లో దంచి నానబెడితే గాజుకుప్పెలోకి సిరాలాంటి నల్లటి రసం దిగింది. చీము పట్టించే క్రిముల మీద వేస్తే ఒక్కటీ చావలేదు. 'మందు గుణం లేదు' అని రాసి సంతకం పెట్టాను.

అంతటితో ఊరుకోక, మళ్లీ వాళ్ల గూడేనికి పోయి పదిమందిలో ఆ మాట చెప్పాను.

"గడ్డపారతోని తవ్వినవా కొడుకా?" అంది అవ్వ.

"ఇనుమైతే ఏంది, కట్టెయితే ఏంది అవ్వా? నీ వేర్ల ఏం లేదు, ఉత్త మట్టి."

అక్కడున్న పడుచువాళ్లు ఫక్కున నవ్వారు. అవ్వ లేచి గుడిసెలోకి పోయింది.

కొన్ని చెట్ల రసాలు ఇనుముతో కలిస్తే నల్లబడి వేరే పదార్థమైపోతాయని కొత్తగా చేరినవాళ్లకు ఏటా నేర్పింది నేనే. ఇనుప లవణం చుక్క వేసి, రంగు మారగానే "చూసిండ్రా?" అని మురిసిపోయేవాణ్ణి. అదే రంగు నా కుప్పెలో ఉంటే మాత్రం నాకు కనబడలేదు. మూకుడులో కనబడింది, ఇన్నేళ్లకు.

ఆ వారమే బయలుదేరి పోయాను, ఈసారి కట్టెతో తవ్వించి పరీక్ష చేయిద్దామని. అవ్వ పోయి చాలా ఏళ్లయిందట. ఆమె బిడ్డ, ఇప్పుడు తానూ తల నెరిసిన మనిషి, నన్ను ఎగాదిగా చూసింది.

"మట్టి అన్న సారువు నువ్వేనా? ఇప్పుడేం పనివడ్డది?"

ఆ చెట్టు ఆనవాలు నాకు గుర్తులేదు, అప్పటి నమూనా పనికిరాదని ఎన్నడో పారేశాను; అందుకే చెట్టు చూపించమన్నాను.

"మాకేడ తెలుస్తది సారు? నువ్వు చెప్పిపోయినంక మా అమ్మ మల్ల ఎవ్వరికీ చూపియ్యలే. తన కాలికి పుండయినా ఆ వేరు పెట్టుకోలే. గంత సదువుకున్నోడు అబద్ధం చెప్తడా అన్నది. ఆ పుండుతోనే పోయింది."

ఆమె నా మీద అలిగిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. నన్ను నమ్మిందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ వేరుకు నిజంగా గుణం ఉందో లేదో ఇక నాకు తెలియదు. ఇప్పుడు గూడెం దాకా తారురోడ్డు పడింది, మలుపులో మందుల దుకాణం ఉంది, మా పరిశోధనశాలలో చిటికెడు పొడి పెడితే అందులో ఏమేముందో చెప్పే యంత్రాలు వచ్చాయి. వాటిని నడిపే పిల్ల నా దగ్గర పని నేర్చుకున్నదే. సార్, నమూనా పంపండి అని రోజూ ఫోన్ చేస్తోంది. ఏం పంపాలో చెప్పగలిగిన మనిషి నోరు నేనే మూయించానని ఆమెకు ఇంకా చెప్పలేదు.