పైనోడు వేసిన రాళ్లు

రెండువేల నాలుగు వేసవిలో మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇళ్ల నష్టాలు చూసే పని నాకు అప్పగించారు. సర్వేయర్ అంటే భూమి కొలిచేవాణ్ణి కాదు. బీమా చేసిన ఇంటికి గాలివానో నిప్పో నష్టం చేస్తే, వెళ్లి చూసి, కారణమేమిటో, నష్టమెంతో కంపెనీకి నివేదిక రాసేవాణ్ణి. ఈ తేడా నేను చెప్పేలోపే సగం ఊళ్లలో పొలం గట్లు చూపించేవాళ్లు. నన్ను చూస్తే ఇప్పటికీ ఎవరూ రిటైరయ్యాడని నమ్మరు. రేకుల ఇళ్లు ఎక్కీ దిగీ మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి.

అప్పటికి లైసెన్సు కొత్త. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగి, యాప్రాల్‌లో ఉండేవాణ్ణి. కోపం ముక్కు మీద, సెల్‌ఫోన్ చేతిలో. దాన్ని జేబులో పెట్టుకుంటే కొన్నట్టు ఎవరికీ తెలియదని నా బాధ. నష్టాన్ని చూడకముందే ఫోన్‌లోనే కారణం తేల్చేయడం నా ప్రతిభ అనుకునేవాణ్ణి.

ఏప్రిల్‌లో ఒక పొద్దున గౌడవెల్లి నుంచి బాలమణి అనే ఆమె బూత్‌లోంచి ఫోన్ చేసింది. ఆమె ఇంట్లోనే బట్టలు కుట్టేది, భర్త ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇంటి లోనుతో పాటే బీమా వచ్చింది. తమ ఇంటి మీద రాళ్లు పడ్డాయని, సిమెంటు రేకులు పగిలాయని చెప్పింది. యాప్రాల్‌లో ముందు రోజు కాస్త దుమ్ము లేచిందంతే. పైగా అంతకు ముందు వారమే ఒక షాపు అద్దాల మీద ఎవరో రాళ్లు విసిరిన కేసు చూశాను. వడగళ్లనే మాట నేను బడి పుస్తకంలో చదువుకున్నవాణ్ణి. ఊళ్లలో వాటిని రాళ్లంటారని తెలియదు, రాళ్లంటే నాకు రాళ్లే.

ఎవరు వేశారని అడిగాను.

"ఎవరేస్తరు సారూ, పైనోడే ఏసిండు."

అతనితో మీకు ముందు నుంచీ గొడవలున్నాయా అన్నాను.

"గొడవలేముంటయి సారూ. రోజు దండం పెడుతనే ఉన్నం. అయినా మా మీద దయ లేదు."

పై అంతస్తులో ఎవరో పెద్దమనిషి ఉన్నాడని, వీళ్లు అతనికి భయపడుతున్నారని నాకు అర్థమైపోయింది. నెత్తురు మరిగింది. ఎవరైనా కావాలని నష్టం చేస్తే అది పాలసీలో వేరే క్లాజు కిందికి వస్తుంది, దానికి పోలీసు రిపోర్టు కావాలి. కాబట్టి స్టేషన్‌కు వెళ్లి అతని మీద కేసు పెట్టమని, ఎంతటివాడైనా భయపడొద్దని ధైర్యం చెప్పాను. పోలీసులు చూసేదాకా ఇంట్లో ఏదీ ముట్టుకోవద్దని, పైన ఏమీ కప్పొద్దని కూడా గట్టిగా చెప్పాను. ఆమె ఏదో అనబోయింది. అంతలో నాకు ఇంకో ఫోన్ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"నిందితుని పేరేం రాయమంటరు సార్? ఈ అమ్మ పైనోడంటాంది. ఆయన అడ్రసు మా దగ్గర లేదు."

పై అంతస్తుకు వెళ్లి విచారించడానికి మీకేం కష్టమని అరిచాను.

"అది రేకుల ఇల్లు సార్. పైన అంతస్తు లేదు, ఆకాశమే ఉన్నది. మొన్న రాళ్లవాన కొట్టింది, మా స్టేషన్ జీపు అద్దం గూడ పోయింది. కేసు పెట్టాల్నంటే మేమే ముందు పెడుతుంటిమి."

బండి తీసి గౌడవెల్లి చేరేసరికి పడమర మళ్లీ నల్లబడుతోంది. కప్పు సగం లేదు. వెనక గది గోడ మట్టితో కట్టింది, నాని ఉబ్బి ఉంది. లోపల మంచం మీద ప్లాస్టిక్ కవర్ల కింద ఊళ్లోవాళ్ల పెళ్లి జాకెట్లు, చీరలు. అవి తడిస్తే ఇక తన దగ్గరికి ఎవరూ కుట్టుపనికి రారని బాలమణి చెప్పింది. నిన్ననే కప్పుదామంటే మీరే వద్దంటిరి కదా అని నా ముఖం మీదే అడిగింది. వాకిట్లో కూర్చున్న వాళ్ల అత్త నన్ను కిందికీ పైకీ చూసింది.

"గీ పిలగాడేనా పైనోని మీద కేసు పెట్టమన్నది? పెడితె పెట్టినవ్ గని బిడ్డా, మా ముసలోన్ని జల్దీ తీస్కపోయిండు, గది గూడ అండ్లనే రాయి."

నవ్వాలో కోప్పడాలో తెలియక నిచ్చెన ఎక్కాను. పని పద్ధతి అది: ముందు గాలి ఎటు నుంచి వచ్చిందో చూడాలి. పడమటి గోడ సున్నం మీద గుంటలు, వాకిట్లో స్టీలు డ్రమ్ముకు అదే వైపు సొట్టలు, అదే వైపు రేకులకు చిల్లులు. అది వడగళ్ల పని. మిగతా రేకులు కొక్కేల దగ్గర పొడుగ్గా చీలాయి. అది గాలి లేపిన గుర్తు. ఒక రేకు కింద, గది మధ్యలో, నిజమైన బండరాయి పడి ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఇది రాయే కదా, ఎవరు వేశారన్నాను.

"మేమే పెట్టినం సారూ, గాలికి రేకు లేవకుంట. రేకే లేస్తే అదేం జేస్తది?"

గాలి రేకును లేపింది, రేకు రాయిని జార్చింది, రాయి పక్క రేకును పగలగొట్టింది. మా వృత్తిలో మొదట కదిలించినదాన్నే మూలకారణం అంటారు. కాబట్టి అదీ గాలివాన కిందే రాశాను. గబగబా ఫోటోలు తీసి కప్పుకోమన్నాను. ఆమె భర్త పక్కనున్న కోళ్లఫారం నుంచి ప్లాస్టిక్ పరదా తెచ్చాడు. మూడు మూలలు కట్టారు. నాలుగో మూల నేను పట్టుకుని నిలబడగానే వాన దంచింది, పరదాలో నీళ్లు నిండాయి. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఒక చెయ్యి వదిలాను. పరదా లేచి, ఆ నీళ్లన్నీ నా మీద, వెనక గోడ మీద పడ్డాయి. గోడ మూల కూలింది. జాకెట్లు మాత్రం తడవలేదు. బాలమణి నన్ను నమ్మకుండా అప్పటికే వాటిని పక్కింటికి చేర్చింది.

నివేదిక వెళ్లాక కంపెనీ అధికారి ఒక్క ప్రశ్న అడిగాడు. గోడ కూలింది రెండో వానకు. నష్టం పెరగకుండా చూసుకోవడం ఇంటివాళ్ల బాధ్యత, వాళ్లు ఎందుకు కప్పుకోలేదు? ఆ ప్రశ్న దగ్గర గోడ డబ్బు ఆగిపోయేలా ఉంది. "సర్వేయర్ ఆదేశం మేరకు కప్పలేదు" అని రాసి, సర్వేయర్ అని నేనే సంతకం చేశాను. ఇలా రాసిన సర్వేయర్‌ను ఇంతవరకు చూడలేదని ఆయన అన్నాడు. గోడతో సహా క్లెయిం మంజూరైంది. కొన్నాళ్లపాటు నాకు ఇళ్ల కేసులు ఇవ్వలేదు. తుర్కపల్లి కంపెనీల క్యాబులు గుద్దుకుంటే బంపర్లు చూసి రమ్మనేవారు.

ఆ తర్వాత నష్టపోయినవాళ్లు ఫోన్ చేస్తే ముందు చెప్పే మాట మార్చుకున్నాను: ఫోటో తీయించుకోండి, వెంటనే కప్పుకోండి, పగిలిన ముక్కలు పారేయకండి. కారణం అడగడం మానేశాను. అది కప్పు ఎక్కి దిగిన తర్వాత రాయాల్సింది.