గుట్ట మీద కట్టిన రెండిళ్ళు

మా మాచర్ల వైపు దీపాలు కొండెక్కుతాయి, మిరపకాయల రేట్లు కొండెక్కుతాయి. నేను ఎక్కడం మాత్రం మొన్న మాఘమాసంలోనే మొదలు. అదీ దేవుడి కోసం కాదు, ఆరోగ్యం కోసం అసలే కాదు. మా పక్క వాటాలో అద్దెకుండే మనిషిని ఇంకొకామె ఎగరేసుకుపోకుండా చూసుకోవడానికి.

మా ఇంటికి రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో ఆమె కుటుంబం. పిల్లలు బడికి పోకముందు వచ్చారు, ఆ పిల్లలు ఉద్యోగాలకు పోయినా ఇంకా ఉన్నారు. పేరుకు ఓనరమ్మను నేనే గానీ, నా వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. మధ్యగోడ మీద ఒకసారి తడితే టీ. గబగబా తడితే టీతోబాటు కబురు.

ఇట్లా సాగుతుండగా ఆమెకు షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. రోజూ పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు పోయి నడవడం మొదలుపెట్టింది. అక్కడ ఒక లెక్చరర్ మేడం పరిచయమైంది. షుగరు తగ్గింది, మేడం పెరిగింది. అప్పటినుంచీ వాకింగుకు వెళ్ళేది వాళ్ళు, వాకబు చేసేది నేను. ఆమె మాటల చివర కొత్తగా ఒక 'అంట' అంటుకుంది. తెల్లన్నం తగ్గించాలంట. టీలో చక్కెర విషమంట. ఎవరన్నారంట అని నేను అడగలేదు. అడిగితే చెబుద్దని భయం.

అన్నిటికన్నా పెద్ద 'అంట' ఆ తర్వాత వచ్చింది. ఊరి బయట వెంచర్లో మేడం ఇల్లు కట్టుకుంటుందంట, పక్క ప్లాటు ఇంకా ఖాళీగానే ఉందంట. ఆ మాట చెప్పి ఆమె నా మొహం వంక చూసింది. నేను చింతపండు పిసుకుతున్నా.

"ఏంది, అంత పిసుకుతున్నావు?" అంది.

"పులుసు చిక్కగా ఉండాలిగా" అన్నా.

దీన్ని కుళ్ళు అంటే అనండి. మా ఫ్రిజ్‌లో టమాటాలు కూడా అంత తొందరగా కుళ్ళలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఇంట్లోనే కాదు, ఆమెలోనూ నాకొక వాటా ఉందనుకున్నా. దానికి కాగితాలు లేవని అప్పుడు తెలిసింది.

అందుకే ఒకరోజు ఆమె "దుర్గి అవతల గుట్టెక్కుదాం రావే, మనిద్దరమే" అని పిలిచినప్పుడు, మోకాళ్ళను అడక్కుండానే ఒప్పుకున్నా. ఆ 'మనిద్దరమే'ని వారమంతా నోట్లో చప్పరించుకుంటూ తిరిగా. గుట్ట మీద ఒక పూట కలిసి గడిపితే ప్లాటు మీంచి మనసు మళ్ళుద్దని ఆశ. మళ్ళకపోతే, ఆమె వాటాకు కొత్తగా రంగులు వేయిస్తానని చెప్పి ఆపాలని ఎత్తు.

స్కూటీ ఆమెదే. వెనక నేను, నా ఒళ్ళో టిఫిన్ క్యారియర్. గుట్ట కింద బండి పెట్టి నడక మొదలుపెట్టాం. దారంటూ లేదు, మేకలు నడిచిన గీత ఉంది. మేకలు నాకన్నా చానా తెలివైనవని కాసేపటికే తెలిసింది. అవి గుట్టెక్కేది ఆకుల కోసం, ఎవరి మీదో కుళ్ళుతో కాదు.

"అడుగులు చిన్నయి వెయ్యాలే. నోటితో గాలి పీల్చకూడదంట" అంది ముందు నడుస్తూ.

"ఊపిరి కూడా ఆమెను అడిగే పీల్చాలా?"

"ఎవర్ని?"

"ఎవర్నీ లేదులే. నడువు."

సగం దూరంలో ఒక బండ, దాని కింద కాస్త నీడ కనిపించాయి. కూలబడబోతుంటే "మేడం కూడా పోయినసారి సరిగ్గా ఆడనే కూర్చుంది" అంది. నేను నడుం నిటారు చేసి, ముళ్ళకంప పక్కన ఎండలో నిలబడి నీళ్ళు తాగా. 'మనిద్దరమే' అన్నది ఈ ఒక్కసారికేనని అర్థమైంది. నాకన్నా ముందు ఈ గుట్ట మీద ఇంకొకామె ఆయాసపడి వెళ్ళింది. ఆఖరికి ఆయాసంలోనూ నాది సెకండే.

పైకి చేరాక కబడ్డీ ఆడుకోవచ్చనిపించేంత బల్లపరుపు బండ. కింద కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టున్నాయి. ఆ పక్కన కుడికాలవ మెరుస్తోంది, దూరంగా నల్లమల నీలంగా పడుకుని ఉంది. చానా బాగుంది. ఆమె ఇదంతా మొదటిసారి నాతో చూసుంటే ఇంకా బాగుండేది.

బండ మీద ఎక్కడ చూసినా రాళ్ళతో పేర్చిన చిన్న చిన్న ఇళ్ళే. సొంతిల్లు లేనివాళ్ళు ఇక్కడికొస్తే నాపరాతి ముక్కలు ఒకదాని మీదొకటి పేర్చి మొక్కుకుంటారు. ఎన్ని ముక్కలు నిలబడితే అన్ని అంతస్తులని నమ్మకం. ఇల్లున్నవాళ్ళు తమకోసం పేర్చకూడదు. ఒకరు పేర్చింది ఇంకొకరు కదపకూడదు. ఏ ఇంటి గోడా ఇంకో ఇంటి గోడకు తగలదు. పొలం గెట్టు తగాదాలతో గురజాల కోర్టు చుట్టూ తిరిగిన జనం మేము, మొక్కుకునే రాళ్ళకైనా జానెడు సందు వదిలే పేరుస్తాం.

అన్నాలు తిన్నాం. ఆమె మొలకెత్తిన పెసలు తెచ్చుకుంది. నా గోంగూర పచ్చడి వంక చూసి చూసి, పెసల్లో కలుపుకుంది. మేడం ఈ సంగతిలో ఏమంటుందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఆమె బండ మీద మోకాళ్ళేసుకుని ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కోటి తిప్పి చూసి, అంచులు తడిమి, పెట్టిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది. గోడకు మేకు కొట్టాలన్నా ఇన్నేళ్ళూ నన్ను అడిగి కొట్టిన మనిషి. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. తట్టినా కుళ్ళు తగ్గలేదు. పక్కకు జరిగి ఈ ఆలోచనకు కూడా కాస్త చోటిచ్చింది, అంతే.

"ఏమే, మేడం ఇంటికి ఇంకా స్లాబు పడలా. ఆమె పేరున ఒకటి నువ్వు పేర్చు" అంది.

"నేనా?"

"నీకు నువ్వు పేర్చుకోకూడదుగా. ఇంకొకళ్ళకైతే పుణ్యం."

మంచి ముక్కలే ఏరా, అబద్ధం ఎందుకు. దేవుడితో ఆటలాడే ధైర్యం నాకు లేదు. కాకపోతే పేర్చింది బండకు ఆ చివర.

"అదేందే, అంత దూరాన కట్టావు?"

"మధ్యలో రోడ్డొద్దా?"

"అది రోడ్డా? రెండు లారీలు పక్కపక్కనే పోతాయి."

"రేపు హైవే పడొచ్చు. ముందుచూపు ఉండాలి."

"ఆమె పక్క ప్లాటే నాది" అంది. అని, నాలుక కరుచుకుంది.

"నీది అంటే?"

ఆమె చేతులకంటిన దుమ్ము చీరకు తుడుచుకుంది. "టోకెన్ ఇచ్చేశాం. నీకు చెప్పడానికే ఇక్కడికి తీసుకొచ్చా. ఇంట్లో చెబితే వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దుతా కూర్చుంటావు. ఇక్కడైతే నువ్వు పోవడానికి చోటు లేదు."

చుట్టూ చూశా. నిజమే. ఒకవైపు ఆమె, మిగతా మూడువైపులా లోయ. నేను ఆమె మనసు మార్చాలని ఎక్కితే, ఆమె నాకు మనసులో మాట చెప్పాలని ఎక్కింది.

"రంగులు వేయిద్దామనుకున్నా" అన్నా, ఇంకేమనాలో తెలియక.

"ఇన్నేళ్ళకా?" అంది.

ఇద్దరం నవ్వాం. ఆమె ముందు ఆపింది. కల్లాల వంక చూస్తూ, "నా వాటాలో ఎవర్ని పెడతావు?" అంది.

"చూడాలి."

"బ్యాంకు కుర్రోళ్ళని పెట్టు. పొద్దున పోతే రాత్రికొస్తారు."

"మోటారు ఆపరు. ట్యాంకు పొర్లిపోద్ది."

"అయితే ముసలాళ్ళని పెట్టు. మధ్యరకం మాత్రం పెట్టమాక."

"మధ్యరకమంటే?"

"అదే, మన ఈడు ఆడాళ్ళు. ఊరికే వచ్చి కూర్చుంటారు. నీకు పనులు తెమలవు."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. కొన్ని నెలలుగా నా లోపల మాట్లాడుతున్నది అదే గొంతు. ఆమె మొహం వంక చూస్తే, నేను అద్దంలో చూసుకునే మొహమే ఉంది. ఆ రోజు మొదటిసారి నాకు ఆయాసం తగ్గింది.

"ఒకామె ఎప్పట్నుంచో అడుగుతోంది, టీచరమ్మ" అన్నా. ఆ నిమిషం దాకా ఆ టీచరమ్మ భూమ్మీద లేదు.

"ఓహో" అంది.

దిగేటప్పుడు ఆమె అడుగులు చిన్నయి వెయ్యలేదు. దారంతా ఒక్క 'అంట' వినపడలేదు. నా మోకాళ్ళు చెప్పుకోలేనంత నొప్పి పుట్టాయి, అయినా మేకలా దిగా. ఆమె బండికి తాళం పెట్టి, తిప్పకుండా నిలబడింది.

"బాగా మాట్లాడుద్దా?"

"ఎవరు?"

"అదే, ఆ టీచరమ్మ."

"చానా బాగా. వాకింగుకి కూడా రమ్మంటోంది" అన్నా, క్యారియర్ ఒళ్ళో సర్దుకుంటూ.

ఆమె బండి స్టార్ట్ చేసింది. దుర్గి దాటేదాకా ఒక్క గుంతను తప్పించలేదు.